చివరన నిలబడేవాడు

మా అమ్మాయి ఇల్లు కాన్సస్ రాష్ట్రంలో, ఓవర్‌ల్యాండ్ పార్క్ అనే ఊళ్లో. అక్కణ్ణుంచి కాస్త తూర్పుకు వెళితే స్టేట్ లైన్ రోడ్డని ఒక మామూలు వీధి వస్తుంది. వీధికి ఇవతల కాన్సస్, అవతల మిస్సోరి. ఎదురెదురు ఇళ్లవాళ్లు వేరువేరు గవర్నర్లకు ఓటేస్తారు. విమానం టికెట్ మీద మనం చదువుకున్న కాన్సస్ సిటీ మాత్రం మిస్సోరిలో ఉంది. అదే పేరుతో ఇవతల ఒక తమ్ముడు ఉన్నాడు గానీ, పెద్దవాడు అవతలే. దిగి వారమైనా ఈ తికమక నాకు తెమల్లేదు. "మరి మీరంతా ఏ ఊరివాళ్లమని చెప్పుకుంటారయ్యా?" అని అల్లుణ్ణి అడిగాను. "ఎర్రచొక్కా వేసుకున్నాక ఎవరూ అడగరు మావయ్యగారూ," అన్నాడు.

ఎర్రచొక్కాల సంగతి నిజమే. 2024 సెప్టెంబరు ఆఖరున మేం వెళ్లేసరికి ఊరంతా ఎరుపే. కూరగాయల దుకాణంలో బిల్లు కొట్టే అమ్మాయి, బ్యాంకు గుమాస్తా, పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్న ముసలావిడ, అందరివీ ఈ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు చీఫ్స్ చొక్కాలే. షానీలో ఉన్న హిందూ దేవాలయానికి దసరా పూజకు వెళితే, అక్కడా ఒక బుడతడు పట్టుపంచె మీద ఎర్రచొక్కా తొడుక్కుని ప్రసాదం వరసలో నిలబడ్డాడు. వీపు మీద 87. ఎక్కడ చూసినా అదే అంకె. మా ఆవిడ ఉండబట్టలేక, "ఏమండీ, ఈ ఎనభై ఏడేమిటి? వీళ్ల పిన్‌కోడా?" అంది.

పదేళ్ల మనవడు ఆ రాత్రి భోజనాల బల్ల మీద చెంచాలు పరిచి మా ఇద్దరికీ పాఠం చెప్పాడు. బంతి విసిరేవాడి ముందు, గీత మీద ఏడుగురు నిలబడి తీరాలి. నడుమ ఉన్న ఐదుగురు కొండల్లాంటివాళ్లు. వాళ్ల పని ఎదుటివాణ్ణి తోసి ఆపడమే, విసిరిన బంతిని వాళ్లు పట్టుకోకూడదు. ఆ వరసలో అటు చివర ఒకడికి, ఇటు చివర ఒకడికి మాత్రం పట్టుకునే హక్కుంది. ఎండ్ అంటే అదే, చివర. ఆ చివరివాడు దూరంగా, విడిగా నిలబడితే అతను పరుగెత్తి పట్టుకునేవాడన్నమాట. కొండల్ని ఆనుకుని, భుజానికి భుజం చేర్చి నిలబడితే టైట్ ఎండ్. అవసరమైతే కొండలతో కలిసి తోస్తాడు. కాకపోతే తోస్తున్నట్టు నటించి, తప్పించుకుని పరుగెత్తి బంతి పట్టుకుంటాడు. ఏది చేస్తాడో ఎదుటివాడికి తెలియకూడదు.

"రెండూ చేస్తాడు తాతయ్యా. బట్, పాయింట్స్ క్యాచ్‌కే వస్తాయి," అన్నాడు వాడు, గరిటెను పప్పుచెంచాల పక్కకు జరుపుతూ.

నాకు చటుక్కున అర్థమైంది. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో కాలేజీ జట్టుకు మూడేళ్లు వికెట్ కీపింగ్ చేశాను. రోజంతా గొంతుకూర్చుని నూట ఎనభై బంతులు పట్టినా స్కోరు పుస్తకంలో ఎక్కడా రాయరు. వదిలేసిన నాలుగూ మాత్రం 'బై'లని విడిగా ఒక గడి గీసి మరీ వేస్తారు. 1971లో వెస్టిండీస్‌ను వాళ్ల గడ్డ మీద మొదటిసారి ఓడించిన జట్టులో ఎవరెవరున్నారంటే గవాస్కర్, సర్దేశాయ్ అని ఎవరైనా చెబుతారు. ఆ ఐదు టెస్టుల్లోనూ వికెట్ల వెనక ఉన్నవాడు మన హైదరాబాదీ, పి. కృష్ణమూర్తి. ఆ ఐదే ఆయన టెస్టు జీవితం. కీపర్లకు తప్ప ఆ పేరు ఇప్పుడెవరికి గుర్తుంది?

అమెరికన్ ఫుట్‌బాల్ మీద అంతవరకు నాకు ఆసక్తి లేదు. ఒకళ్లమీద ఒకళ్లు పడి లేచే ఆటను పొద్దుగూకులూ ఏం చూస్తారో అనుకునేవాణ్ణి. ఆ గరిటె పుణ్యమా అని, వచ్చే నాలుగు నెలల్లో చూడాల్సినవి దొరికాయి. ఈ ఊరి టైట్ ఎండ్‌లు ముగ్గురు. 84, 88, 87.

యారోహెడ్ స్టేడియాన్ని ఆట లేని రోజున టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లి చూడొచ్చు. పెద్ద హైవే పక్కన, పక్కపక్కనే రెండు స్టేడియాలు, ఒకటి బేస్‌బాల్‌కు, ఒకటి దీనికి. చుట్టూ కిలోమీటర్ల కొద్దీ ఖాళీ కార్ల పార్కింగు. ఎండలో అదొక ఎండిపోయిన చెరువులా ఉంది. 1972లో కట్టిన స్టేడియం, దాదాపు 76 వేలమంది పడతారు. లోపల గొప్ప ఆటగాళ్లకు అంకితం చేసిన ఒక హాలుంది. గైడుగా వచ్చినావిడకు మా వయసే ఉంటుంది. ఎర్ర స్వెట్టరు, ఎర్ర చెవిపోగులు. చీఫ్స్ అన్న పేరు ఎలా వచ్చిందో చెప్పింది. 1960లో లామార్ హంట్ డల్లాస్‌లో టెక్సన్స్ అనే జట్టు పెట్టాడు. 1963లో దాన్ని ఈ ఊరికి తెచ్చాడు. రప్పించిన మేయరు రో బార్టిల్‌ను జనం 'చీఫ్' అని పిలిచేవాళ్లు, ఆ గౌరవంతో పెట్టిన పేరట. పేరు మేయరుదే అయినా బాణం మొన, ఢంకా, చేత్తో గొడ్డలి ఊపే కేకలు అన్నీ ఆదివాసులవే. వాళ్లలో చాలామందికి ఇది బాధ కలిగిస్తోంది. ఈకల తలపాగాలు పెట్టుకుని, ముఖానికి రంగులు పూసుకుని స్టేడియానికి రావడాన్ని 2020లో నిషేధించారు. ఢంకా మాత్రం అలాగే ఉంది.

84 నంబరు చొక్కా ఫ్రెడ్ ఆర్బనాస్‌ది. గైడు మిగతావాళ్ల దగ్గర ఆగినంతసేపు అక్కడ ఆగలేదు. నేనే వెనకబడి నిలబడ్డాను. తర్వాత ఇంటికొచ్చి చదువుకున్నకొద్దీ ఆయన్ను వదల్లేకపోయాను.

డెట్రాయిట్‌లో పుట్టాడు. టెక్సన్స్ తీసుకున్న మొదటి ఏడాది, 1961లో, నడుము దెబ్బతో ఆడనే లేదు. 1962లో దిగాడు, ఆ ఏడాదే జట్టు లీగు గెలిచింది, హూస్టన్ మీద 20-17, అదీ రెండు అదనపు భాగాలు ఆడాక. జట్టుతోపాటు ఈ ఊరొచ్చాడు. 1964 డిసెంబరులో ఒకనాడు ఇక్కడి వీధిలో నడుస్తుంటే ఎవడో మీదపడి ముఖం మీద కొట్టాడు. ఎడమ కంటి చూపు పోయింది.

ఒంటికన్నుతో బంతి పట్టడమంటే ఏమిటో నాకు కొంచెం తెలుసు. రెండేళ్ల కిందట శుక్లం తీసి కంటికి గంత కట్టినప్పుడు, మొదటిరోజు గ్లాసులో నీళ్లు పోసుకోబోతే సగం బల్లమీద పోశాను. వస్తువు కనిపిస్తుంది, ఎంత దూరంలో ఉందో కనిపించదు. రెండు కళ్లూ రెండు వేరు చోట్లనుంచి చూసి, ఆ తేడాతో మెదడు దూరం లెక్కగడుతుంది. ఒకటి పోతే ఆ లెక్క పోతుంది. కూర్చుని నీళ్లు పోసుకునేవాడికే ఇంత అవస్థ ఉంటే, పరుగెత్తుతూ, వెనక్కి తిరిగి, గాల్లో తిరుగుతూ వస్తున్న కోలబంతిని పట్టేవాడికి ఎలా ఉంటుంది? పైగా ఎడమవైపునుంచి వచ్చి గుద్దేవాడు కనబడనే కనబడడు.

ఆర్బనాస్ ఆ తర్వాత ఇంకో ఆరు సీజన్లు ఆడాడు.

మాకు క్రికెట్‌లో ఇలాంటివాడొకడు ఉండేవాడు, హైదరాబాదు ఫతే మైదాన్‌లో. పటౌడీ. 1961 జులైలో ఇంగ్లండులో కారు ప్రమాదంలో కుడికన్ను పోయింది, ఏడాది తిరక్కముందే, 21 ఏళ్లకు, దేశానికి కెప్టెనయ్యాడు. తర్వాత హైదరాబాదు వచ్చి, జైసింహ కెప్టెన్సీలో మా రంజీ జట్టుకు ఆడాడు. బంతులు రెండు కనిపించేవట ఆయనకు. టోపీ అంచును కుడికంటి మీదికి లాక్కుని ఆడేవాడు. మేం కవర్స్ వైపు మెట్లమీద కూర్చుని, మేమూ ఒక కన్ను మూసుకుని, పల్లీకాయలు ఎగరేసి నోట్లో పట్టడానికి ప్రయత్నించేవాళ్లం. ముక్కుమీద పడేవి. పటౌడీ కవర్స్‌లో ఫీల్డింగు చేస్తుంటే ఆ వైపు పరుగు తీయడానికి బ్యాట్స్‌మన్ భయపడటం నేను చూశాను. ఆర్బనాస్, పటౌడీ ఒకరి పేరు ఒకరు విని ఉండరు. కానీ ఆ రెండు ప్రమాదాలకూ మధ్య మూడున్నరేళ్లే.

ఆర్బనాస్ గురించి ఇక్కడ ఒక కథ చెప్పుకుంటారు. ఒక ఆటలో గుంపుకింద పడి లేచేసరికి పెట్టుడు కన్ను ఊడి నేలమీద పడింది. తీసి, దులిపి, పెట్టుకున్నాడు. చూసిన రిఫరీ నోరెళ్లబెట్టి, "ఆ రెండోదీ పోతే ఏం చేస్తావయ్యా?" అన్నాడట. "నీలాగా రిఫరీ ఉద్యోగంలో చేరతాను," అన్నాడట. మన అంపైర్ల మీద కూడా ఇలాంటివి చాలా ఉన్నాయి కాబట్టి నిజమో కాదో నేను అడగలేదు.

లెక్కలు చూస్తే మాత్రం ఆర్బనాస్ చిన్నగా కనిపిస్తాడు. తొమ్మిది సీజన్లకు 198 క్యాచ్‌లు, 3,101 గజాలు, బంతిని చివరి గీత దాటించిన టచ్‌డౌన్లు 34. 87 నంబరువాడు, ట్రావిస్ కెల్సీ, 2022 ఒక్క ఏడాదే 110 పట్టాడు. ఆ కాలంలో ఏడాదికి 14 ఆటలే, బంతి విసరడం కన్నా మోసుకుపరుగెత్తడం ఎక్కువ. ఆ పరుగు తీసేవాడికి దారి చేసిపెట్టేది ఈ చివరివాడే. అతను పక్కకు తోసినవాళ్ల లెక్క ఎవరూ రాయలేదు. ఆయన ఆడిన అమెరికన్ ఫుట్‌బాల్ లీగు పెద్ద లీగులో కలిసిపోయేటప్పుడు, ఆ లీగు చరిత్ర మొత్తానికి ఒక ఉత్తమ జట్టు ఎంచారు. అందులో టైట్ ఎండ్ ఈయనే. 1970 జనవరి 11న న్యూ ఆర్లీన్స్‌లో చీఫ్స్ 23-7తో మిన్నెసోటాను ఓడించి, సూపర్ బౌల్ అనే పెద్ద ఫైనల్స్‌లో నాలుగోదాన్ని గెలిచినప్పుడు కూడా ఉన్నాడు. ఒహాయోలోని కాంటన్‌లో ఉన్న పెద్ద హాల్ ఆఫ్ ఫేమ్‌లో మాత్రం ఇంతవరకు లేడు.

ఆర్బనాస్ యారోహెడ్‌లో ఆడలేదు, అది తెరిచేనాటికే మానేశాడు. ఆయన ఆడింది బ్రూక్లిన్ అవెన్యూ, 22వ వీధి మూల మీదున్న పాత మునిసిపల్ స్టేడియంలో. అల్లుడు అక్కడికీ తీసుకెళ్లాడు. 1976లోనే కూల్చేశారు, ఇప్పుడక్కడ ఇళ్లు. అదే రోడ్డులో నాలుగు వీధులు ఇటు వస్తే ఆర్థర్ బ్రయంట్ వాళ్ల పేరుమోసిన బార్బెక్యూ హోటలు. పొగచూరిన వాసన రోడ్డుమీదే అందుకుంటుంది. ఇక్కడ అందరూ ఎగబడేది 'బర్న్‌ట్ ఎండ్స్' కోసం, కాల్చిన మాంసం చివర మాడిన ముక్కలు. ఒకప్పుడు అవి ఊరికే ఇచ్చేసేవారట. ఈ ఊరికి చివరలంటే ఏదో ఇష్టమున్నట్టుంది. అది గొడ్డుమాంసమని అల్లుడు ముందే చెప్పాడు. పైగా నవరాత్రులు. నేను కోక్ తాగి బయటికొచ్చాను.

ఆర్బనాస్ ఆట మానేశాక జాక్సన్ కౌంటీ సభకు ఎన్నికై నాలుగు దశాబ్దాలకు పైగా ఉన్నాడు, మన లెక్కలో జిల్లా పరిషత్తు సభ్యుడనుకోవచ్చు. ఆ రెండు స్టేడియాలూ కౌంటీ ఆస్తి. తను ఒక్క ఆటైనా ఆడని స్టేడియం బాగోగులు చూసే సభలో ఆయన నలభై ఏళ్లు కూర్చున్నాడు.

ఆయన తర్వాత పాతికేళ్లు చెప్పుకోదగ్గవాళ్లు ఒకరిద్దరే. డెబ్బైలలో వాల్టర్ వైట్ కొంతకాలం మెరిశాడు. తర్వాత చాలామంది వచ్చారు, వెళ్లారు.

88 నంబరు కథ నాకు పార్కింగ్‌లో దొరికింది. అక్టోబరు 7, సోమవారం రాత్రి, న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌తో ఆట. అల్లుడు ఆఫీసులో ఎవరి దగ్గరో నాలుగు టికెట్లు సంపాదించాడు. మా ఆవిడ, "నాకెందుకండీ, లలితా సహస్రనామం ఉంది," అని గుడికి వెళ్లిపోయింది, వెళుతూ పెద్ద డబ్బానిండా పులిహోర చేతికిచ్చింది. ఆట ఏడు దాటాక, కానీ మేం నాలుగింటికల్లా అక్కడున్నాం. ఎండిన చెరువులాంటి ఆ పార్కింగు నిండిపోయింది. ప్రతి కారు వెనకా ఒక పొయ్యి, ఒక గుడారం, మడత కుర్చీలు. వేల పొయ్యిల పొగ. మేడారం జాతరలో ఎడ్లబండ్ల మధ్య పొయ్యిలు వెలిగిన సాయంత్రం గుర్తొచ్చింది నాకు. ఇక్కడ బెల్లం మాత్రం లేదు.

పక్క గుడారం పెద్దమనిషి వెలిసిపోయిన చొక్కా వేసుకున్నాడు. ఎరుపు గులాబీ రంగుకు దిగింది. నంబరు 88. వీపుమీద గొంజాలెజ్. అందరూ 87 వేసుకుంటే ఈయనేమిటి అని నేనే పలకరించాను. మాకు పక్కటెముకల మాంసం ఇవ్వబోయాడు, మేం పండగ సంగతి చెప్పి పులిహోర ఇచ్చాం. రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. ముప్పై ఏళ్లుగా సీజను టికెట్టుందట.

టోనీ గొంజాలెజ్ కాలిఫోర్నియావాడు. కాలేజీలో ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ రెండూ ఆడాడు. 1997లో, కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో, చీఫ్స్ ముందుకు జరిగి మరీ పదమూడో ఎంపికగా తీసుకున్నారు. రెండో ఏడాది చేతిలో పడ్డ బంతుల్ని వరసగా వదిలేశాడు, జనం ఈలలేసి గోల చేశారు. "నేనూ వేశాను," అన్నాడు పెద్దమనిషి, పులిహోరలో వేరుశనగపప్పు ఏరుకుంటూ. ఆ తర్వాత గొంజాలెజ్ సాధన తప్ప వేరే పని పెట్టుకోలేదు. బాస్కెట్‌బాల్‌లో బంతి కింద పడేలోగా ఎదుటివాణ్ణి వీపుతో అడ్డగించి చోటు పట్టుకుంటారు. అదే విద్యను గడ్డిమీదికి తెచ్చాడు. ఆరడుగుల ఐదంగుళాల మనిషి వీపు తిప్పి నిలబడి చేతులు పైకెత్తితే వెనకనున్నవాడు చేయగలిగిందేమీ లేదు. 2004లో 102 క్యాచ్‌లు పట్టాడు, అప్పటికి ఏ టైట్ ఎండూ ఒక సీజన్లో అన్ని పట్టలేదు. పదిహేడేళ్లలో 270 ఆటలు ఆడాడు, తప్పినవి రెండే. మొత్తం 1,325 క్యాచ్‌లు, జెర్రీ రైస్, లారీ ఫిట్జ్‌జెరాల్డ్ తర్వాత చరిత్రలో మూడోస్థానం. వాళ్లిద్దరూ ఎదుటివాణ్ణి తోసే పని అంతగా లేకుండా దూరంగా నిలబడి పరుగెత్తినవాళ్లు.

"కానీ," అని పెద్దమనిషి ఫోర్కు కిందపెట్టాడు. "కానీ" తర్వాత వచ్చేదే ఈ ఊరి అసలు చరిత్ర. గొంజాలెజ్ ఉన్న పన్నెండేళ్లలో చీఫ్స్ నాకౌట్ ఆట ఒక్కటీ గెలవలేదు. 1997లో సీజన్లో 13 గెలిచి, సొంత మైదానంలో డెన్వర్ చేతిలో 14-10. 2003లో మళ్లీ 13 గెలిచి, మళ్లీ ఇక్కడే, ఇండియానాపొలిస్ చేతిలో 38-31. ఆ ఆటలో రెండు జట్లూ బంతిని ఒక్కసారైనా కాలితో తన్ని అవతలివాళ్లకు అప్పగించాల్సిన అవసరం రాలేదు. అంత బాగా ఆడి ఓడిపోయారు. "చలికి ఏడ్చానో ఓడినందుకు ఏడ్చానో తెలియదు," అన్నాడాయన. 2009లో గొంజాలెజ్‌ను అట్లాంటాకు ఇచ్చేశారు. నాకౌట్‌లో మొదటి గెలుపు 2013 జనవరిలో, ఆ అట్లాంటా చొక్కాలో, పదహారో సీజన్లో చూశాడు. కన్నీళ్లు పెట్టుకున్నాడు. సూపర్ బౌల్ చివరికి దక్కనే లేదు. 2019లో కాంటన్‌లో చోటిచ్చారు.

2008లో ఒక రెస్టారెంట్‌లో పక్కబల్ల దగ్గర గొంతులో ముద్ద అడ్డుపడి ఊపిరాడని మనిషిని గొంజాలెజ్ వెనకనుంచి పట్టుకుని, పొట్టమీద నొక్కి బతికించాడు. ఇది పత్రికల్లో వచ్చింది. "క్యాచ్‌ల లెక్కలో దాన్నీ కలపాలి," అన్నాడు పెద్దమనిషి. నాకు నచ్చాడు.

లోపలికి వెళ్లాం. జాతీయ గీతం చివరి పదం దగ్గరికి రాగానే 76 వేలమందీ ఆ పదం మింగేసి 'చీఫ్స్' అని అరిచారు. ఇంత అల్లరి మన ఈడెన్ గార్డెన్స్‌లో విన్నాను. 2014లో ఇక్కడే 142.2 డెసిబెల్స్ కొలిచి గిన్నిస్‌లో రాసుకున్నారు, బహిరంగ స్టేడియంలో అంత రొద ఎక్కడా లేదట. తమాషా ఏమిటంటే సొంత జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు జనం నిశ్శబ్దంగా ఉంటారు, గుడిలో ఉన్నట్టు. ఎదుటి జట్టుకు బంతి రాగానే మిన్ను విరిగి పడినట్టు అరుస్తారు, వాళ్ల సంకేతాలు వాళ్లకే వినపడకుండా. మనవైపు కోహ్లి బ్యాటింగుకు వస్తే అరుస్తాం, వీళ్లు తమవాడు వస్తే నోరు మూసుకుంటారు.

నేను అల్లుడి బైనాక్యులర్ తీసుకుని బంతిని వదిలేసి 87నే చూశాను. చాలాసేపు ఏమీ జరగదు. నడుముమీద చేతులు, అటూ ఇటూ చూపు, వచ్చి చివర నిలబడతాడు. బంతి కదలగానే కొన్ని అడుగులు బద్ధకంగా, ఎవరో వెనకనుంచి పిలిచినట్టు. తర్వాత చటుక్కున ఒక ఖాళీలో కనిపిస్తాడు, చుట్టూ ఎవరూ ఉండరు. అతను వేగంగా పరుగెత్తి ఖాళీ చేసుకోవడం లేదు, ఖాళీ ఎక్కడ రాబోతోందో ముందే వెళ్లి అక్కడ నిలబడుతున్నాడు. ఆ రాత్రి తొమ్మిది క్యాచ్‌లు, 70 గజాలు. చీఫ్స్ 26, సెయింట్స్ 13.

ఒకటి మాత్రం గమనించాను, మనవడికి నచ్చకపోయినా రాస్తాను. తోసే పనిలో కెల్సీ ఆర్బనాస్ కాడు. ఆ బరువైన పని చాలాసార్లు 83 నంబరు నోవా గ్రే మీద పడింది. బంతి కెల్సీ దగ్గర ఉంటే స్టేడియం ఊగిపోతుంది. గ్రే ఒకణ్ణి పక్కకు నెట్టి, పరుగెత్తేవాడికి సందు చేసి, కిందపడి, లేచి, గడ్డి దులుపుకుని మళ్లీ చివర నిలబడితే ఎవరూ చూడరు. ఒక మనిషి చేసిన రెండు పనులు ఇప్పుడు ఇద్దరికి పంచారు, కీర్తి మాత్రం పంచలేదు.

అయినా కెల్సీని తక్కువచేసే స్థితిలో నేను లేను. ఒహాయోలో పెరిగిన ఈ కుర్రాడు మొదట బంతి విసిరేవాడు, క్వార్టర్‌బ్యాక్. సిన్సినాటి విశ్వవిద్యాలయంలో గంజాయి తాగి పట్టుబడితే 2010 సీజనంతా బయట కూర్చోబెట్టారు. అదే జట్టులో ఆడిన అన్న జేసన్ హామీ ఉంటే మళ్లీ తీసుకున్నారు, టైట్ ఎండ్‌గా. 2013లో చీఫ్స్ 63వ ఎంపికగా తీసుకున్నారు. మొదటి ఏడాది మోకాలి ఆపరేషన్. తర్వాత 2016 నుంచి 2022 దాకా ఏడేళ్లు వరసగా వెయ్యి గజాలు దాటాడు. ఏ టైట్ ఎండూ అలా చేయలేదు. అన్న అప్పట్లో ఫిలడెల్ఫియాలో నడిమి కొండ, వరస మధ్యలో బంతి అందించి తోసేవాడు, జన్మలో క్యాచ్ పట్టనక్కరలేనివాడు. 2023 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో అన్నదమ్ములు ఎదురెదురుగా ఆడారు. అమ్మ సగం ఇటు రంగు, సగం అటు రంగు జాకెట్టు వేసుకుని కూర్చుంది. తమ్ముడు 38-35తో గెలిచాడు.

మనవడికి మాత్రం వీటన్నిటికన్నా ముఖ్యం పదమూడు సెకన్లు. ఆట నుంచి తిరిగొచ్చిన రాత్రి, పడుకోమంటే వినకుండా, సోఫా దిండ్లు పేర్చి చూపించాడు. 2022 జనవరి, బఫలోతో నాకౌట్. చీఫ్స్ మూడు పాయింట్లు వెనక, ఆటలో మిగిలింది 13 సెకన్లు. మొదటి బంతి టైరీక్ హిల్‌కు, 19 గజాలు. ఇంకా చాలదు. రెండో బంతికి ముందు, ఎదుటివాళ్లు నిలబడిన తీరు చూసి కెల్సీ, గీసుకున్న దారి వదిలి నడిమిగా సూటిగా పోతానని బంతి విసిరే పాట్రిక్ మహోమ్స్‌కు చెప్పాడు. మహోమ్స్ గీత దగ్గరినుంచే 'కానీ' అని కేకేశాడు. 25 గజాలు. మూడు సెకన్లు మిగిలాయి. 49 గజాల దూరంనుంచి బట్కర్ తన్నాడు, సమం. అదనపు సమయంలో మూలమీదికి వేసిన బంతిని పట్టి ఆట ముగించింది మళ్లీ కెల్సీయే. 42-36. "అప్పుడు నాకు సెవెన్ ఇయర్స్, డాడీ ఏడ్చాడు," అన్నాడు మనవడు. అల్లుడు వంటింట్లోకి వెళ్లిపోయాడు.

ఒకప్పుడు బంతి విసిరినవాడు కాబట్టి, విసిరేవాడికి ఏం కనిపిస్తుందో కెల్సీకి తెలుసు. గొంజాలెజ్ బాస్కెట్‌బాల్ తెచ్చాడు, ఇతను క్వార్టర్‌బ్యాక్ కన్ను తెచ్చాడు. ఆర్బనాస్‌కు ఉన్నది ఒక్క కన్నే.

గొంజాలెజ్ ఇక్కడ వదిలివెళ్లిన లెక్కలు, 916 క్యాచ్‌లు, 10,940 గజాలు, 76 టచ్‌డౌన్లు, ఒక్కొక్కటే పడ్డాయి. గజాలు 2023లో, క్యాచ్‌లు మేం దిగిన వారంలోనే. టచ్‌డౌన్లు మిగిలాయి.

క్రిస్మస్ రోజు ఆట పిట్స్‌బర్గ్‌లో. టీవీలో నెట్‌ఫ్లిక్స్. ఇంట్లో బొబ్బట్లు, బయట మబ్బు. ఎప్పుడూ రాని మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది, 87 ఏ ఇంటివాడో ఆమెకూ తెలిసిపోయింది. చివరి భాగంలో కెల్సీ గీత దగ్గర బంతి పట్టి లోపలికి దూరాడు. అది 77వది. లేచినవాడు ఊరుకోకుండా పరుగెత్తి, ఎగిరి, పది అడుగుల ఎత్తున్న గోల్‌పోస్టు అడ్డకమ్మీ మీదినుంచి బంతిని బాస్కెట్‌లో వేసినట్టు కిందికి కొట్టాడు. వెంటనే పసుపు జెండా పడింది, 15 గజాల శిక్ష. తర్వాత జరిమానా కూడా వేశారు. 2014 నుంచి అది నిషిద్ధం.

"తప్పు చేస్తే నవ్వుతాడేమిటి?" అంది మా ఆవిడ.

టచ్‌డౌన్ కొట్టాక అలా బంతిని కమ్మీ మీదినుంచి వేసింది గొంజాలెజ్. బాస్కెట్‌బాల్‌వాడి సరదా. తన లెక్క దాటిన రోజున, తెలిసి తెలిసి శిక్ష పడేలా, ఆయన చేసిన పనే చేశాడు ఇతను. మా ఊళ్లో పాతనాటకాల్లో కొత్త హరిశ్చంద్రుడు కాటిసీను మొదలుపెట్టే ముందు, చనిపోయిన పాత హరిశ్చంద్రుడి పేరు చెప్పి నేలకు చెయ్యి తాకించేవాడు. మా ఆవిడకు అలా చెప్పాను. "అయితే సరే," అని బొబ్బట్టు మీద ఇంకో చెంచా నెయ్యి వేసింది.

జనవరి మొదటి వారంలో పెద్ద మంచు తుఫాను వచ్చింది. మూడురోజులు గుమ్మం దాటలేదు. రోడ్లు తెరిచాక, మా ప్రయాణానికి నాలుగు రోజుల ముందు, ఒక చోటికి తీసుకెళ్లమని అల్లుణ్ణి అడిగాను. ఊరికి దక్షిణాన లాంగ్‌వ్యూ అనే చెరువు, దాని పక్కన కౌంటీవాళ్ల గోల్ఫ్ మైదానం. దానికి ఫ్రెడ్ ఆర్బనాస్ పేరు పెట్టారు. ఆయన 2021 ఏప్రిల్లో, 82 ఏళ్ల వయసులో పోయాడు. దారిలో అల్లుడు స్టేడియం గొడవ చెప్పుకొచ్చాడు. మరమ్మతులకు, కొత్త కట్టడానికి పన్ను కొనసాగించమంటే 2024 ఏప్రిల్లో కౌంటీ ఓటర్లు వద్దన్నారు. ఒప్పందం 2031 దాకా ఉంది. ఆ తర్వాత యారోహెడ్ ఉంటుందో, జట్టు స్టేట్ లైన్ రోడ్డు దాటి ఇవతలికి వస్తుందో అప్పటికింకా ఎవరికీ తెలియదు.

గోల్ఫ్ మైదానం దగ్గర మనిషన్నవాడు లేడు. బోర్డు, దానిమీద సగం మంచు, ఆ వెనక ఎత్తుపల్లాలు లేకుండా తెల్లటి నేల. చెరువూ గట్టూ ఒకటైపోయాయి. నీళ్లు ఎక్కడ ఆగి నేల మొదలవుతుందో తెలియలేదు. మా ఆవిడ కారు దిగలేదు, అద్దం కాస్త దించి, "మంకీ క్యాప్ పెట్టుకోండి," అంది.

మనవడు అప్పటికే మంచు ముద్ద చేస్తున్నాడు. పదిహేను అడుగుల దూరంలో నిలబడమన్నాను. ఎడమ కన్ను మూసుకున్నాను.

మొదటిది చెవి పక్కనుంచి పోయింది, నేను చెయ్యెత్తింది అది దాటాకే. రెండోది కోటుమీద పగిలింది. "కళ్లు తెరువు తాతయ్యా, చీటింగ్ కాదులే," అన్నాడు వాడు. తెరవలేదు. మూడోది నెమ్మదిగా, పైనుంచి వేశాడు, ముసలాడినన్న జాలితో. ముద్ద పెద్దదవుతూ వచ్చింది. రెండు అరచేతులూ చాచాను. ఈసారి చేతుల్లోనే పడింది. కానీ పొడిమంచు కదా, పడగానే వేళ్లసందుల్లోంచి పొడిపొడిగా జారిపోయింది.

"పట్టాను చూశావా?"

"అది కౌంట్ అవదు తాతయ్యా," అన్నాడు.